హెచ్‌ఐవీ పీసీఆర్ టెస్టులు: మళ్ల మళ్ల అడిగే డౌట్లు, వాటికి జవాబులు

రాత్రి పదకొండు దాటినంక ఫోన్‌కి ఒక రిపోర్ట్ ఫొటో వస్తది. పేరు మీద బొటనవేలు పెట్టి తీసిన ఫొటో, కింద "అన్నా జర చూడు" అని ఉంటది. నల్గొండ సైడ్ ల్యాబ్‌ల పనికి చేరినప్పటి సంది ఇదే వరస, అడిగేవి కూడా తిప్పి తిప్పి అవే డౌట్లు, అందుకే అన్నీ ఒక్కకాడ రాసి పెడుతున్న. మీ ప్రశ్న ఏదుంటే దానికే పోయి చదువుకోండి, మొదటి నుంచి చదవాల్సిన పని లేదు. నేను డాక్టర్ని కాదు, టెస్ట్ ఎట్ల పనిచేస్తదో చెప్తా, మందులు రాసుడు డాక్టర్ పని.

## టెస్ట్‌కి పోకముందు

మామూలు హెచ్‌ఐవీ టెస్ట్ ఉంది గదా, మళ్ల ఈ పీసీఆర్ ఏంది?

మామూలు టెస్ట్ వైరస్‌ని చూడదు, వైరస్ వచ్చిందని మన ఒంట్లె తయారైన యాంటీబాడీల్ని చూస్తది. నల్లమల అంచున పల్లి చేన్లకు కావలి పోయినోళ్లకి ఇది తొందరగ సమజైతది. మంచె మీదోడు కేక పెట్టిండంటే పంది వచ్చినట్టే, కానీ వాడికి మెలకువ వచ్చి కేక పెట్టేసరికి జర టైం పడతది, ఆలోపు పంది చేన్ల మేస్తనే ఉంటది. యాంటీబాడీ టెస్ట్ అంటే ఆ కేక వినుడు, పీసీఆర్ అంటే టార్చ్ కొట్టి పందినే చూసుడు. వైరస్ లోపలి ఆర్‌ఎన్‌ఏని గానీ, అది మన కణాలల్ల దూరి పెట్టిన డీఎన్‌ఏని గానీ ఈ టెస్ట్ నేరుగ వెతుకుతది. ఈ రెండింటి నడుమ ఫోర్త్ జనరేషన్ టెస్ట్ అని ఇంకోటుంది, అది యాంటీబాడీలతో పాటు వైరస్‌కి చెందిన పీ24 అనే ప్రొటీన్‌ని కూడా పట్టుకుంటది.

రిస్క్ జరిగి రెండు రోజులైంది, రేపు పొద్దుగాల్నే పీసీఆర్ చేయించుకుంటే తెలుస్తదా?

తెల్వదు. మొదటి పది రోజులు వైరస్ లోపల ఎక్కడో పెరుగుతుంటది గానీ రక్తంల మిషన్‌కి దొరికేంత ఉండదు, కాబట్టి రెండో రోజు వచ్చిన నెగెటివ్‌కి విలువ లేదు, డబ్బులు దండగ. కానీ ఆ రెండు రోజులు ఇంకో పనికి మస్తు విలువైనవి. 72 గంటల లోపు పెప్ అనే మందులు మొదలుపెడితే ఇన్‌ఫెక్షన్ రాకుండ ఆపే అవకాశం ఉంది, ఎంత తొందరగ వేస్కుంటే అంత మంచిది, 28 రోజులు వాడాలె. అందుకే ల్యాబ్ వెతుక్కుంట కూసోకుండ ముందు జిల్లా ఆస్పత్రికి పోయి డాక్టర్‌ని అడగండి. ఒక తమ్ముడు మూడు ల్యాబ్‌లు తిరిగి నాలుగో రోజు నాకు ఫోన్ చేసిండు, అప్పటికి 72 గంటలు దాటినయ్. ఆ ల్యాబ్‌లల్ల ఒక్కలన్నా వాడికి ఈ ముక్క చెప్పి ఉండాల్సింది.

మరి ఏ టెస్ట్ ఎన్ని రోజులకి పట్టుకుంటది?

ఆర్‌ఎన్‌ఏని చూసే పీసీఆర్ మామూలుగ 10 నుంచి 33 రోజుల మధ్య పట్టుకుంటది. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌ల చేసే ఫోర్త్ జనరేషన్‌కి 18 నుంచి 45 రోజులు, ఒట్టి యాంటీబాడీలు చూసే ర్యాపిడ్ కిట్‌కి 23 నుంచి 90 రోజులు పడతది. ఈ మధ్య టైంనే విండో పీరియడ్ అంటరు. పెప్ మందులు వాడినోళ్లకి ఈ లెక్కలు వెనకకి జరగొచ్చు, వాళ్లు డాక్టర్ రాసిచ్చిన తారీకులకే పోవాలె, నెట్‌ల చూసి సొంతంగ లెక్కేస్కోవద్దు.

గవర్నమెంట్ దవాఖానల మూడు కిట్లే చేస్తున్నరు, పైసలు మిగిల్చుకోవడానికి పీసీఆర్ చేస్తలేరా?

ఇది చాలామందికి ఉన్న అనుమానం, కానీ తప్పు. ఏడాదిన్నర దాటిన ఎవరికైనా విండో పీరియడ్ అయిపోయినంక మూడు ర్యాపిడ్ కిట్ల పద్ధతి గట్టి పద్ధతే. మూడూ ఒకటే కిట్ కాదు, మూడింటి తయారీ వేరు, అవి వాడే యాంటిజెన్లు (యాంటీబాడీని పట్టే వైరస్ ముక్కలు) వేరు. మొదటి కిట్‌ల ఏమీ రాకపోతే అక్కడికే నెగెటివ్ అని ఇస్తరు, గీత వస్తేనే రెండోది, మూడోది చేస్తరు, మూడూ కలిస్తేనే పాజిటివ్ అని రాస్తరు. ఐసీటీసీల (గవర్నమెంట్ హెచ్‌ఐవీ టెస్ట్, కౌన్సెలింగ్ సెంటర్) ఇదంతా ఫ్రీ, టెస్ట్‌కి ముందు, తర్వాత కౌన్సెలర్ కూసోబెట్టి మాట్లాడుతరు. పీసీఆర్‌కి పెద్ద మిషన్, చల్లటి స్టోరేజ్, చెయ్యి తిరిగిన మనిషి కావాలె. పెద్దోళ్లందరికీ మొదటి టెస్ట్‌గ అదే పెడితే మిర్యాలగూడోళ్లు, అచ్చంపేటోళ్లు వారాలకి వారాలు రిజల్ట్ కోసం ఎదురుచూడాల్సి వస్తది. పీసీఆర్‌ని అది తప్ప వేరేది పనిచేయని చోట వాడాలె: పసిపిల్లలు, విండో పీరియడ్‌ల ఉన్నోళ్లు, మూడు కిట్ల జవాబు తేలనోళ్లు, మందుల మీద ఉన్నోళ్లు.

రక్తదానం చేస్తే టెస్ట్ ఫ్రీగ అయితది గదా?

దయచేసి ఈ పని చెయ్యకండి. దానం ఇచ్చిన రక్తానికి హెచ్‌ఐవీ టెస్ట్ తప్పకుండ చేస్తరు నిజమే, కానీ పీసీఆర్ లెక్క వైరస్‌నే వెతికే న్యాట్ టెస్ట్ అన్ని బ్లడ్ బ్యాంకులల్ల ఉండదు. న్యాట్ ఉన్నకాడ కూడా మొదటి వారం, పది రోజుల ఇన్‌ఫెక్షన్ తప్పించుకోవచ్చు. అప్పుడు మీ డౌట్ తీరదు సరికదా ఆ సీసా ఎక్కేది ఏ కాన్పు మనిషికో, ఏ తలసేమియా పిల్లగానికో. డౌట్ ఉన్నోడు ఐసీటీసీకి పోవాలె, బ్లడ్ క్యాంపుకి కాదు.

ప్రైవేట్ ల్యాబ్‌ల క్వాలిటేటివ్, క్వాంటిటేటివ్ అని రెండు చెప్తున్నరు, ఏది రాయించుకోవాలె?

క్వాలిటేటివ్ అంటే ఉందా లేదా అని చెప్పేది. క్వాంటిటేటివ్ అంటే ఎంత ఉందో లెక్క చెప్పేది, దాన్నే వైరల్ లోడ్ అంటరు. కొత్తగ ఇన్‌ఫెక్షన్ ఉందా అని తేల్చుకోవడానికి క్వాలిటేటివ్, మందులు పనిచేస్తున్నయా అని చూడడానికి వైరల్ లోడ్. కౌంటర్ దగ్గర కూసున్న పిల్లకి ఈ తేడా తెల్వకపోవచ్చు, ఆమె తప్పు కాదు, అందుకే డాక్టర్ చీటీ మీద ఏదో స్పష్టంగ రాయించుకొని పోండి. చీటీ లేకుండ భయంతోని పోయి రెండూ చేయించుకున్నోళ్లని చూసిన, రెండు బిల్లులు కట్టిండ్రు, డౌట్ మాత్రం అట్లనే ఉంది.

మా ఊరోళ్లకి తెలిస్తే ఎట్ల?

2017ల వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మీ ఒప్పుకోలు లేకుండ టెస్ట్ చెయ్యొద్దు, మీ రిజల్ట్ బయటపెట్టొద్దు, పని నుంచి తీసెయ్యొద్దు అని అందుల ఉంది. చట్టం ఒకటైతే ఊరు ఇంకొకటి, ఆ భయం నాకు తెల్వదని కాదు. దేవరకొండోళ్లు నల్గొండకి, జడ్చర్లోళ్లు మహబూబ్‌నగర్‌కి పోయి చేయించుకుంటరు, తప్పేం లేదు. 1097 నంబర్‌కి ఫ్రీగ ఫోన్ చేసి పేరు చెప్పకుండనే అడగొచ్చు.

## శాంపిల్ ఇచ్చేటప్పుడు

పరగడుపున పోవాల్నా?

అవసరం లేదు. తిని పోండి, నీళ్లు తాగి పోండి, అసలు ఎండాకాలం ఇక్కడి ఎండకి ఏం తినకుండ వచ్చి కండ్లు తిరిగి పడిపోయేటోళ్లే ఎక్కువ.

రక్తం మా దగ్గరనే తీసి హైదరాబాద్‌కి పంపుతరంట, దారిల ఖరాబ్ కాదా?

సరిగ్గ పంపితే కాదు, సరిగ్గ పంపకపోతే అయితది. వైరల్ లోడ్ కోసం వంకాయ రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబ్‌ల రక్తం తీస్తరు. అందుల ఉండే మందు రక్తం గడ్డకట్టకుండ ఆపుతది, అందుకే తీయంగనే ట్యూబ్‌ని మెల్లగ ఎనిమిది, పదిసార్లు తలకిందులు చేస్తరు, గట్టిగ ఊపరు. 24 గంటల లోపల సెంట్రిఫ్యూజ్‌ల తిప్పి పైన తేలిన లేత పసుపు ప్లాస్మాని వేరుచేసి ఆ తర్వాత చల్లగ పెట్టాలె. ప్లాస్మా వేరుచెయ్యకుండ రక్తాన్ని అట్లనే ఫ్రీజర్‌ల పెడితే కణాలు పగిలి టెస్ట్ పాడైతది. ఆర్‌ఎన్‌ఏ చాలా సున్నితమైనది, ఆలస్యం, వేడి రెండూ దానికి పడవు, అది విరిగిపోతే ఉన్న వైరస్ తక్కువ కనపడతది. ప్రైవేట్‌ల ఇస్తున్నరనుకోండి, "ప్లాస్మా ఇక్కడనే వేరు చేస్తరా, ఎన్ని గంటల లోపు?" అని ఒక్క మాట అడగండి. మొఖం చిట్లించినా అడగండి.

## మిషన్ల ఏం జరుగుతది

అసలు పీసీఆర్‌ల ఏం చేస్తరన్నా, మామూలు మాటల్ల చెప్పు

ప్లాస్మాల వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఉంటే అది చాలా తక్కువ ఉంటది, నేరుగ కనపడదు. ముందు రక్తంలోని మిగతా చెత్తంత కడిగేసి ఆర్‌ఎన్‌ఏని ఒక్కదాన్ని వేరు చేస్తరు. పీసీఆర్ కాపీ తీసేది డీఎన్‌ఏకే, అందుకని రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌తోని ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగ మారుస్తరు. తమాషా ఏందంటే మన కణంలకి దూరినంక తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగ మార్చుకోవడానికి హెచ్‌ఐవీ వాడే పనిముట్టు కూడా ఇదే రకం ఎంజైమ్, దాని కత్తితోనే దాన్ని పట్టుకుంటున్నం.

ఆ తర్వాత ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు వేస్తరు, అవి హెచ్‌ఐవీకి మాత్రమే ఉండే భాగాల్ని వెతుక్కుంట పోయి అతుక్కుంటయ్. మిషన్ 95 డిగ్రీల దగ్గర వేడి చేసి రెండు పోగుల్ని విడదీస్తది, చల్లార్చినప్పుడు ప్రైమర్ అతుకుతది, ఇంకో ఎంజైమ్ కొత్త పోగు అల్లుతది. ఒక్కసారి తిరిగితే ఒకటి రెండైతది, రెండు నాలుగైతయ్, 30 సార్లు తిరిగితే ఒక్క ముక్క దగ్గర దగ్గర 107 కోట్లు అయితది. ఈ కాపీలు పెరుగుతున్న కొద్దీ మెరిసే ఒక రంగు ఉంటది, ఎన్నో తిప్పుకి మెరుపు కనపడ్డదో చూసి మిషన్ లెక్క కడతది. తొందరగ మెరిస్తే వైరస్ ఎక్కువ, ఆలస్యంగ మెరిస్తే తక్కువ. ఈ పీసీఆర్ ఐడియా 1983ల కారీ మల్లిస్ అనే ఆయనకి వచ్చింది, 1993ల నోబెల్ ఇచ్చిండ్రు. హెచ్‌ఐవీ వైరస్‌ని పారిస్‌ల మొదటిసారి పట్టుకున్నది కూడా 1983లనే.

రిపోర్ట్‌ల "ఇన్‌వాలిడ్" అని వచ్చింది, అంటే పాజిటివ్ అన్నట్టా?

కాదు, నెగెటివ్ అని కూడా కాదు. ప్రతి శాంపిల్‌తో పాటు ఇంటర్నల్ కంట్రోల్ అని ఒక తెలిసిన ముక్కని కలిపి నడిపిస్తరు. అది కూడా కనపడలేదంటే టెస్టే నడవలేదన్నట్టు, దాన్నే ఇన్‌వాలిడ్ అంటరు. మళ్ల శాంపిల్ ఇవ్వాలె, గంతే.

టీబీకి వాడే సీబీనాట్ మిషన్ల హెచ్‌ఐవీ కూడా చేస్తరంట, నిజమేనా?

మిషన్ అదే కావొచ్చు, కాట్రిడ్జ్ వేరు. టీబీకి ఒక కాట్రిడ్జ్, హెచ్‌ఐవీ వైరల్ లోడ్‌కి ఒకటి, పసిపిల్లల టెస్ట్‌కి ఇంకోటి ఉంటయ్. గంటన్నర, ఆ చుట్టుపక్కల రిజల్ట్ వస్తది. కానీ ఆ మిషన్ ఉన్న ప్రతి దవాఖానలకి హెచ్‌ఐవీ కాట్రిడ్జ్‌లు రావు, ఉన్నయో లేవో అడిగి పోండి.

## రిపోర్ట్ చేతికొచ్చినంక

"టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఒకరికి, "20 కంటే తక్కువ" అని ఇంకొకరికి వచ్చింది, రెండూ ఒకటేనా?

ఒకటి కాదు, దగ్గర దగ్గర. మొదటిదాంట్ల మిషన్‌కి అసలు ఏమీ కనపడలేదు. రెండోదాంట్ల ఏదో కనపడ్డది గానీ లెక్కపెట్టేంత లేదు. 20 అంటే ఒక మిల్లీలీటర్ ప్లాస్మాల 20 వైరస్ కాపీలు, అది ఆ మిషన్ లెక్కపెట్టగలిగే కింది గీత, కొన్ని మిషన్లకి అది 40 ఉంటది. మందులు వాడేటోళ్లకి రెండూ మంచి రిపోర్ట్‌లే. మందులు వాడకుండ కొత్తగ టెస్ట్ చేయించుకున్నోళ్లకి "20 కంటే తక్కువ, డిటెక్టెడ్" అని వస్తే మాత్రం వదిలేయొద్దు, కొత్త శాంపిల్‌తోని తేల్చుకోవాలె.

మూడు కిట్లు పాజిటివ్ అన్నయ్, పైసలు పెట్టి పీసీఆర్ చేయిస్తే నెగెటివ్ వచ్చింది, ఏది నమ్మాలె?

మనుషులు ఎక్కువగ మోసపోయేది ఇక్కడనే, అందుకే జర పొడుగ్గ చెప్తున్న. పీసీఆర్ పెద్ద టెస్ట్, కాబట్టి దాని మాటే చెల్లుతది అనుకొని గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి మందులు ఆపేసినోళ్లున్నరు. నాకు తెలిసినాయన ఒకాయన, లారీ డ్రైవర్, విజయవాడ హైవే మీద తిరుగుతడు, అప్పటికే ఏడాది సంది హెచ్‌ఐవీని అణిచిపెట్టే ఏఆర్‌టీ మందులు మింగుతున్నడు, ఆ సంగతి ప్రైవేట్ ల్యాబ్‌ల చెప్పలేదు, వాళ్లు అడగలేదు. మందులు వాడితే రక్తంల వైరస్ కనపడకపోవుడే గదా కావాల్సింది! ఆ నెగెటివ్ మందుల పనితనం, రోగం లేదని కాదు.

మందులు వాడనోళ్లకి ఇట్ల వస్తే మూడు, నాలుగు కారణాలుంటయ్. మన దేశంల ఎక్కువ ఉన్నది హెచ్‌ఐవీ-1, కానీ హెచ్‌ఐవీ-2 కూడా కొందరికి ఉంది, మామూలు పీసీఆర్‌లు హెచ్‌ఐవీ-1 కోసమే చేసినవి, రెండో రకాన్ని అవి చూడవు. చాలా అరుదుగ, వందల ఒక్కరికన్నా తక్కువ మందికి, మందుల్లేకుండనే ఒళ్లు వైరస్‌ని అణిచిపెడతది. శాంపిల్ ఆలస్యమై ఆర్‌ఎన్‌ఏ పాడై ఉండొచ్చు, లేదంటే కిట్‌లే తప్పు చూపించి ఉండొచ్చు. ఇందుల ఏదో తేల్చేది ఐసీటీసీ, ఏఆర్‌టీ డాక్టర్. రెండు కాయితాలు పట్టుకొని పోండి, ఒకటి దాచి ఒకటి చూపించకండి.

మందులు లేవు, మొదటిసారి పీసీఆర్, 150 కాపీలు అని వచ్చింది, అయిపోయినట్టేనా నా పని?

ఆగండి. కొత్తగ ఇన్‌ఫెక్షన్ అయిన మనిషికి మొదటి వారాలల్ల వైరల్ లోడ్ లక్షల్ల ఉంటది, ఒక్కోసారి పది లక్షలు కూడా దాటుతది. ఇంత చిన్న నంబర్ వచ్చిందంటే పక్క ట్యూబ్ నుంచి తుంపర పడ్డదేమో అని అనుమానించాలె, ఎందుకంటే ఒక్క ముక్కని కోట్లు చేసే మిషన్‌కి ఆ తుంపరలున్న ముక్క కూడా కోట్లే అయితది. ఇంకో రోజు కొత్త రక్తంతోని మళ్ల చేయించాలె, దాంతో పాటు యాంటీబాడీ టెస్ట్ కూడా. ఒక్క పీసీఆర్ మీద ఎవరికీ జీవితాంతం లేబుల్ వెయ్యరు.

## పసిపిల్లల సంగతి

తల్లికి ఉంది, బిడ్డకి ర్యాపిడ్ టెస్ట్‌ల పాజిటివ్ వచ్చింది, బిడ్డకి కూడా అంటుకున్నట్టేనా?

ఆ టెస్ట్‌తోని చెప్పలేరు. తల్లి యాంటీబాడీలు కడుపుల ఉన్నప్పుడే బిడ్డకి పోతయ్, 18 నెలల దాకా కూడా ఉండొచ్చు, కాబట్టి ర్యాపిడ్ కిట్‌ల వచ్చిన గీత తల్లిదేనేమో. పీసీఆర్ తప్ప దారి లేనిది ఇక్కడనే. మన గవర్నమెంట్ హెచ్‌ఐవీ ప్రోగ్రామ్‌ల 6 వారాలకి, 6 నెలలకి, 12 నెలలకి పీసీఆర్ టెస్ట్‌లు ఉంటయ్, 18 నెలలకి మూడు కిట్లతోని ఆఖరి జవాబు చెప్తరు. అన్నీ ఫ్రీ. తల్లి, బిడ్డ ఇద్దరికీ ఏ మందులూ లేకపోతే వందల 15 నుంచి 45 మంది పిల్లలకి అంటుకుంటది, మందులు సరిగ్గ వాడితే 5 కంటే తక్కువకి దిగుతది. ఆ తేడా చూస్తే 6 వారాల డేట్ ఎందుకు మిస్ కావొద్దో తెలుస్తది.

పుట్టిన రోజే ఎందుకు చెయ్యరు, 6 వారాలు ఎందుకు ఆపుతరు?

చాలా మందికి కాన్పు టైంలనే అంటుకుంటది, అప్పుడు పుట్టిన రోజు బిడ్డ రక్తంల మిషన్‌కి దొరికేంత వైరస్ ఉండదు. 6 వారాలకి అది పెరిగి దొరుకుతది.

మడిమకి పొడిచి కాయితం మీద చుక్కలు వేస్తున్నరు, ఇది టెస్టేనా?

టెస్టే, చాలా తెలివైన పద్ధతి. దాన్ని డీబీఎస్ అంటరు. మందపాటి ఫిల్టర్ పేపర్ కార్డు, దాని మీద ఐదు గుండ్రాలు అచ్చేసి ఉంటయ్. బిడ్డ పాదాన్ని ముందు వెచ్చగ చేస్తరు, మడిమ పక్కన చిన్న సూదితోని పొడిచి, మొదటి చుక్క తుడిచేసి, తర్వాత చుక్కని పెద్దగ వేలాడనిచ్చి గుండ్రం నడిమిట్ల ఒక్కసారే పడనిస్తరు, అది వెనక దాకా ఇంకాలె. చుక్క మీద చుక్క వేయరు, పిండరు. ఎర్రగ ఉన్న చుక్క ఆరుతున్న కొద్దీ ఎండిన చింతపండు రంగుకి వస్తది. నాలుగు గంటలన్నా ఎండ తగలకుండ, ఒకదానికొకటి అంటకుండ స్టాండ్ మీద ఆరబెట్టాలె, ఆ తర్వాత తేమ పీల్చే పొట్లంతో పాటు జిప్ కవర్‌ల పెడితే కార్డు బస్సుల పోయినా ఏం గాదు. ఐస్ అక్కర్లేదు, అందుకే తండాల పిల్లలకి కూడా పెద్ద ల్యాబ్ టెస్ట్ అందుతున్నది.

ఒకసారి ఒకకాడ సాయంత్రం డ్యూటీ దిగే తొందరల పచ్చి కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టి కవర్‌ల వేసిండ్రు, అన్నీ పనికిరాకుండ వాపస్ వచ్చినయ్. వాళ్లల్ల ఒక అవ్వ మనవరాలిని చంకనేస్కొని రెండు బస్సులు మారి మళ్ల వచ్చింది, ఒక్క మాట అనలేదు, "మళ్ల గుచ్చుతరా బిడ్డా" అని మాత్రం అడిగింది.

6 వారాలది నెగెటివ్ వచ్చింది, ఇంక పోకపోతే ఏమైతది?

పాలు తాగుతున్నంత కాలం రిస్క్ ఉంటది, కాబట్టి పోవాలె. పాలు మాన్పినంక కూడా ఒక టెస్ట్ ఉంటది. తల్లి తన మందులు ఆపకపోవుడే బిడ్డకి పెద్ద రక్ష.

పాజిటివ్ వస్తే రెండో రిపోర్ట్ వచ్చే దాకా మందులు ఆపాల్నా?

ఆపొద్దు. రెండో కార్డు శాంపిల్ తీసి పంపుతరు, ఇటు మందులు మొదలుపెడతరు. పసిపిల్లలల్ల ఈ రోగం పెద్దోళ్లకన్నా మస్తు తొందరగ ముదురుతది, కాయితం కోసం కూసుంటే నష్టం బిడ్డకే.

## మందులు వాడుతున్నోళ్లకి

వైరల్ లోడ్ ఎప్పుడెప్పుడు చేయించుకోవాలె?

మందులు మొదలుపెట్టినంక 6 నెలలకి, 12 నెలలకి, ఆ తర్వాత ఏడాదికోసారి. గర్భిణులకి 32 నుంచి 36 వారాల మధ్య ఒకటి చేస్తరు, అది చూసే పుట్టబోయే బిడ్డకి ఏ మందులు ఇవ్వాల్నో నిర్ణయిస్తరు. నంబర్ 1000 దాటితే వెంటనే మందులు మార్చరు, ముందు మూడు నెలలు దగ్గరుండి మాత్రలు సరిగ్గ వేయించి మళ్ల చూస్తరు.

పోయినసారి 60, ఈసారి 110 వచ్చింది, మందులు పనిచేస్తలేవా?

దాదాపు రెట్టింపు కదా అని గుండె జారినట్టయితది, కానీ ఈ లెక్కల ఒకే రక్తాన్ని రెండుసార్లు పెట్టినా ఇంత తేడా రావొచ్చు. మూడు రెట్లకి మించి మారితేనే నిజమైన మార్పు అంటరు. జ్వరమో, టీకానో కూడా కొద్దిరోజులు నంబర్‌ని పైకి ఎత్తొచ్చు. మాత్రలు మానకుండ డాక్టర్‌కి చూపించండి.

కనపడలేదు అని వచ్చింది, ఇంక మందులు బంద్ చెయ్యొచ్చా?

వద్దు. మిషన్ చూసేది ప్లాస్మాల తేలుతున్న వైరస్‌ని. కొన్ని కణాలల్ల అది తన డీఎన్‌ఏని మన డీఎన్‌ఏలనే కుట్టేసి నిద్రపోతుంటది, అక్కడికి వైరల్ లోడ్ టెస్ట్ పోదు. మాత్రలు ఆపితే చాలామందికి కొన్ని వారాలల్లనే మళ్ల లేస్తది. మంచి మాట ఏందంటే, మాత్రలు మానకుండ 200 కంటే తక్కువ నిలబెట్టుకున్నోళ్ల నుంచి శృంగారం ద్వారా జతగానికి అంటదు. తల్లిపాలకి మాత్రం ఈ మాట పూర్తిగ వర్తించదు.

పనికి బొంబాయి పోతున్నం, ఆరు నెలలకి గాని రాము, నా టెస్ట్ డేట్ నడుమ పడతది

పాలమూరు నుంచి భివండీ, పుణె పోయేటోళ్లందరిదీ ఇదే బాధ. పోకముందే మీ ఏఆర్‌టీ సెంటర్‌ల చెప్పండి, అక్కడి సెంటర్‌కి ట్రాన్స్‌ఫర్ రాసిస్తరు, అక్కడనే మాత్రలు, టెస్ట్ రెండూ ఫ్రీగ దొరుకుతయ్. గ్రీన్ బుక్కు (ఏఆర్‌టీ సెంటర్‌ల ఇచ్చే మీ మందులు, టెస్టుల రికార్డు) తప్పకుండ పట్టుకపోండి, మేస్త్రీకి ఇచ్చే సంచిల కాకుండ మీ బట్టల సంచిల పెట్టుకోండి. పోకముందు దాని అన్ని పేజీలు ఫోన్‌ల ఫొటో తీస్కోండి, బుక్కు తడిసినా, పోయినా పాత నంబర్లు మీ దగ్గర ఉంటయ్.